అల్లుడూ, అంబాసిడర్‌కి కరెంట్ ఫ్యాన్ పెట్టే ముందు ఇది చదువు

అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, బండి కదిలి నాలుగో గేర్‌లో పడితే మళ్ళీ దిగుతోంది, అందుకని ఇంజిన్ ఫ్యాన్ తీసేసి మారుతి 800 కరెంట్ ఫ్యాన్ పెట్టించేద్దామనుకుంటున్నా అన్నావు. పెట్టించుకో, మంచి ఆలోచనే. మీ నాన్న బండిలో ఫ్యాన్ వాటర్ పంప్ పుల్లీకే బిగించి ఉంటుంది కదా, ఇంజిన్ ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతుంది, అంటే ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఉన్నప్పుడు గాలి బాగా కావాల్సి వస్తే అప్పుడే నెమ్మదిగా తిరుగుతుంది, హైవే మీద అరవై డెబ్భైలో పోతుంటే ఎదురుగాలే సరిపోతుంది కానీ అప్పుడు మాత్రం గిర్రున తిరుగుతూ ఇంజిన్ పవర్ తినేస్తుంది. కరెంట్ ఫ్యాన్ ఈ తిరకాసు తీరుస్తుంది.

కానీ ఒకటి ముందే చెప్తున్నా. ఫ్యాన్ బిగించడం పెద్ద పనేం కాదు, ఆ ఫ్యాన్‌కి కరెంట్ ఎక్కడ నుంచి వస్తుంది, ఏ వైరులోంచి వస్తుంది అన్నదే అసలు పని. ఆటోనగర్‌లో నా దగ్గరికి వైరింగ్ కాలిపోయి వచ్చిన పాత బండ్లలో చాలావాటిల్లో ఎవరో తర్వాత తగిలించిన హారన్, ఫాగ్ లైటు, ఫ్యాన్, ఇలాంటివే ఏదో ఒకటి ఉండేది. కంపెనీ ఇచ్చిన వైరింగ్ ముప్పై ఏళ్ళయినా దాని పాటికి అది పనిచేస్తూనే ఉంటుంది, మనం దాని మీద వేసే కొత్త బరువే దాన్ని చంపుతుంది.

ముందు రేడియేటర్ సంగతి చూడు. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతోంది అన్నావు కాబట్టి గాలి తక్కువ అని అనుకోవచ్చు, అదే హైవే మీద కూడా వేడెక్కుతుంటే మాత్రం అది ఫ్యాన్ జబ్బు కాదు, ఎక్కువగా రేడియేటర్ లోపల గొట్టాలు పూడుకుపోయి ఉంటాయి, అప్పుడు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగ. మన ఊళ్ళో బోరు నీళ్ళు పోసీ పోసీ లోపల తెల్లగా ఉప్పు గట్టిపడిపోయి ఉంటుంది. రేడియేటర్ షాపులో పైన ట్యాంక్ విప్పించి రాడ్ కొట్టించు, అంటే సన్న ఊచతో గొట్టాలు పొడిపించి శుభ్రం చేయించు, మీది ఇత్తడి రేడియేటర్ కాబట్టి మళ్ళీ అతికిస్తారు, భయం లేదు. మూత రబ్బరు కూడా చూడు, స్ప్రింగ్ వదులైతే ప్రెషర్ నిలబడదు, నీళ్ళు తొందరగా మరుగుతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేసి చూడు, నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే పలక, అది పోయిందేమో అనుమానించాలి, అది వేరే కథ. వేడి మీద ఉన్న మూత మాత్రం ఎప్పుడూ తిప్పకు, గుడ్డ వేసి కూడా తిప్పకు.

ఇంకొకటి, థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది, అది ఉందా లేదా అడుగు మెకానిక్‌ని. మన వైపు బండి వేడెక్కితే మొదట చేసేది ఆ వాల్వ్ తీసి పారేయడం. వాల్వ్ లేకపోతే ఇంజిన్ ఒక టెంపరేచర్ దగ్గర నిలబడదు, చలికాలం పొద్దున చల్లగా ఉండిపోయి పెట్రోలు తాగుతుంది. పైగా కరెంట్ ఫ్యాన్ టెంపరేచర్ చూసుకుని ఆన్ ఆఫ్ అవ్వాల్సింది, వాల్వ్ లేకపోతే ఆ లెక్కకి ఆధారమే ఉండదు. కొత్తది వేయించు. దాని మీద ఎన్ని డిగ్రీలకి తెరుచుకుంటుందో గుద్ది ఉంటుంది, 82 అనుకో, ఆ నంబరు రాసి పెట్టుకో, తర్వాత కావాలి.

ఇప్పుడు కరెంట్ లెక్క. ఇది ఓపికగా చదువు. మీ బండికి కరెంట్ పుట్టించడానికి ఇంకా పాతకాలం డైనమోనే ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ కాలం లూకాస్ కంపెనీ డైనమోలు దాదాపు 22 ఆంప్స్ ఇస్తాయి, అది కూడా ఇంజిన్ బాగా తిరిగినప్పుడు, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వవు, అందుకే సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు మసకబారతాయి, నువ్వూ చూసే ఉంటావు. రాత్రి వానలో పోతున్నావు అనుకో, 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి 9 ఆంప్స్, చిన్న లైట్లు ఒక రెండు, ఇగ్నిషన్ కాయిల్ మూడు నాలుగు, వైపర్ ఇంకో మూడు, అక్కడికే 17, 18 అయిపోయింది. దీని మీద ఫ్యాన్ ఇంకో పది లాగితే డైనమో చేతులెత్తేస్తుంది, తక్కువ పడిందంతా బ్యాటరీలోంచి పోతుంది. ఫ్యాన్ బాగా కావాల్సింది ఐడిల్‌లోనే కదా, డైనమో ఏమీ ఇవ్వనిదీ అప్పుడే. అంటే ఒక గంట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆపిన బండి మళ్ళీ సెల్ఫ్ తీసుకోదు.

అందుకని డైనమో ఉంటే ముందు ఆల్టర్నేటర్‌కి మార్చు, అదీ కరెంట్ పుట్టించేదే కానీ ఐడిల్‌లో కూడా ఇస్తుంది, తర్వాతే ఫ్యాన్. ఇందులో రాజీ వద్దు, డబ్బు ఒకేసారి లేకపోతే ఫ్యాన్‌ని వాయిదా వెయ్యి కానీ వరస మార్చకు. 35 ఆంప్స్ పైన ఇచ్చేది ఏదైనా చాలు. మార్చేటప్పుడు పాత కటౌట్ బాక్స్‌ని, అంటే డైనమో నుంచి బ్యాటరీకి పోయే కరెంట్‌ని అదుపు చేసే పెట్టెని, సర్క్యూట్‌లోంచి తప్పించాలి, అది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించు, ఊరికే బ్రాకెట్ బిగించేవాడితో కాదు. అలాగే బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉందో చూడు, మరీ పాత బండ్లలో ప్లస్ ఎర్త్ ఉండేవి, అలాంటి దానికి ఆల్టర్నేటర్ తిన్నగా తగిలిస్తే లోపల డయోడ్లు పోతాయి, ముందు దాన్ని మైనస్ ఎర్త్‌కి మార్చుకోవాలి.

ఇక ఫ్యాన్ సెలక్షన్. మారుతి 800 ఫ్యాన్ దొరకడం తేలిక, చవక, నిజమే, కానీ అది 796 సీసీ ఇంజిన్ కోసం చేసింది, మీది 1489 సీసీ. మన బెజవాడ మే నెల ఎండలో ఏసీ లేకుండా కూడా అది చాలీచాలకుండా ఉంటుంది. మారుతి ఎస్టీమ్ సైజుది, అంటే 1300 సీసీ, ఆ పైన బండ్లకి వచ్చేది తీసుకో. దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు, ష్రౌడ్ అంటారు, అదీ కలిపి తీసుకో. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ ముందున్న గుండ్రటి భాగం వరకే గాలి లాగుతుంది, మూలలు ఊరికే వేడిగా ఉండిపోతాయి. సెకండ్ హ్యాండ్ అయితే కొనే ముందు బ్యాటరీకి పెట్టి తిప్పించి చూడు, బ్లేడు చేత్తో పట్టి ఊపితే ఆట ఉండకూడదు, తిరిగేటప్పుడు గరగర రాకూడదు. ఎన్ని ఆంప్స్ లాగుతోందో అక్కడే కొలువు, ఇంటి కరెంట్ చూసే మామూలు క్లాంప్ మీటర్ దీనికి పనికిరాదు, డీసీ ఆంప్స్ చూపించేది కావాలి. మొదలవగానే ఒక్క క్షణం రెండు మూడు రెట్లు చూపించి దిగుతుంది, అది మామూలే.

ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య పెడితే లాగే ఫ్యాన్, గ్రిల్ వైపు పెడితే తోసే ఫ్యాన్. చోటుంటే లోపలి వైపే పెట్టు. పాత ఫ్యాన్ తీశాక పుల్లీ నుంచి రేడియేటర్ దాకా కొలువు, మోటారు వీపుకీ పుల్లీకీ మధ్య కనీసం అంగుళం మిగలాలి, రేస్ చేసినప్పుడు ఇంజిన్ మౌంటింగ్‌ల మీద ఊగుతుంది కదా. పాత ఫ్యాన్‌ని పట్టుకున్న బోల్టులే పుల్లీని కూడా పట్టుకుంటాయి, ఫ్యాన్ మందం పోయాక అవే బోల్టులు మళ్ళీ వేస్తే కింద తగిలి ఆగిపోతాయి, బిగిసినట్టే అనిపిస్తుంది కానీ పుల్లీ వదులుగా ఉంటుంది. పొట్టి బోల్టులు వెయ్యి, లేకపోతే ఆ మందానికి వాషర్లు వెయ్యి. బెల్ట్ మాత్రం తియ్యకూడదు, వాటర్ పంప్ దాని మీదే తిరుగుతుంది. తీసిన ఫ్యాన్, బోల్టులు గోనె సంచిలో చుట్టి డిక్కీలో పడెయ్, ఎక్కడైనా కరెంట్ ఫ్యాన్ ఆగిపోతే పది నిమిషాల్లో పాతది బిగించుకుని ఇంటికి రావచ్చు.

రేడియేటర్ రెక్కల్లోంచి ప్లాస్టిక్ టై దూర్చి ఫ్యాన్ కట్టేస్తారు కొందరు, ఒప్పుకోకు. బండి అదురుకి అది గొట్టాన్ని కోసేసి లీకు తెస్తుంది. ఇనప పట్టీలతో రేడియేటర్ పక్క ఫ్రేమ్‌కి బ్రాకెట్ కొట్టించి మధ్యలో రబ్బరు బుష్‌లు పెట్టించు.

వైరింగ్‌కి వచ్చే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్, ఇది మర్చిపోవద్దు. 30 లేదా 40 ఆంప్స్ నాలుగు పిన్నుల రిలే తీసుకో, అంటే చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్, కింద పిన్నుల దగ్గర నంబర్లు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు, జానెడు దూరంలోనే 20 ఆంప్స్ ఫ్యూజ్, అక్కడి నుంచి రిలే 30కి. 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కి. 86కి ఇగ్నిషన్ ఆన్ చేస్తే వచ్చే లైను, 85 నుంచి థర్మోస్విచ్‌కి, అంటే నీళ్ళ వేడిని బట్టి ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్‌కి, థర్మోస్విచ్ రెండో కొస ఎర్త్‌కి. అయిదు పిన్నులది ఇస్తే మధ్యలో 87ఏ అని ఉంటుంది, దానికి తగిలిస్తే ఫ్యాన్ తలకిందులుగా పనిచేస్తుంది, ఆగాల్సినప్పుడు తిరుగుతుంది, దాన్ని వదిలెయ్. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఎందుకంటే ఫ్యూజ్ ముందున్న వైరుకి కాపలా ఉండదు, అది ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే ఎర్రగా కాలిపోవడమే. వైరు 4 చదరపు మిల్లీమీటర్లది, సన్నపు పోగులు ఎక్కువ ఉండే ఆటో వైరే కొను, ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి తీగ వైరు అదురుకి లోపల విరుగుతుంది, బయటికి కనపడదు. వైరు కొసలకి వేసే లగ్గులు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కించు, పైన హీట్ ష్రింక్ స్లీవ్, మెలిపెట్టి టేప్ చుట్టడం వద్దు.

86కి లైను ఎక్కడ తీసుకోవాలి అంటావా, లూకాస్ వైరింగ్‌లో ఆకుపచ్చ వైరు అంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఫ్యూజ్ దాటి వచ్చేది, గోధుమ రంగు ఎప్పుడూ కరెంట్ ఉండేది, నలుపు ఎర్త్. కానీ ఇన్నేళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో, రంగు నమ్మకు, టెస్ట్ ల్యాంప్ పెట్టి తాళం తిప్పి చూసుకో. ఆ లైనులోంచి రిలే కాయిల్‌కి పోయేది పావు ఆంప్ కన్నా తక్కువే కాబట్టి సన్న వైరు చాలు. ఎవరైనా రిలే ఎందుకు దండగ, ఇగ్నిషన్ లైను నుంచే ఫ్యాన్‌కి ఇచ్చేద్దాం అంటే ఒప్పుకోకు. పాత ఇగ్నిషన్ స్విచ్ ఆ బరువుకి వేడెక్కుతుంది, ఇంకా తాళం తీశాక కూడా ఊపులో తిరుగుతున్న ఫ్యాన్ మోటారే కరెంట్ పుట్టించి ఇగ్నిషన్ కాయిల్‌కి పంపుతుంది, ఇంజిన్ వెంటనే ఆగదు.

ఫ్యాన్ ఎర్త్ విషయంలో బద్ధకించొద్దు. ప్లస్ వైరు ఎంత లావో ఇదీ అంతే లావు, పెయింట్ గీకి మెరిసే లోహం మీద లగ్గు బిగించి పైన గ్రీజు రాయి, లేదా తిన్నగా బ్యాటరీ మైనస్‌కే పట్టుకెళ్ళు.

థర్మోస్విచ్ పై హోస్ పైపులో ఇత్తడి అడాప్టర్ పెట్టి బిగించడం మీకు తేలిక. వాల్వ్ 82 అయితే 92కి ఆన్, 87కి ఆఫ్ అయ్యే స్విచ్ తీసుకో. ఆఫ్ అయ్యే టెంపరేచర్ వాల్వ్ తెరుచుకునే దానికన్నా తక్కువ ఉంటే ఫ్యాన్ ఇక ఆగదు, అందుకే ఆ నంబరు రాసి పెట్టుకోమన్నది. ఒంటి పిన్ను స్విచ్ అయితే దాని ఒళ్ళే ఎర్త్, కానీ నీ అడాప్టర్ రెండు రబ్బరు పైపుల మధ్య ఉంటుంది, బాడీకి తగలదు, కాబట్టి అడాప్టర్ నుంచి విడిగా ఒక ఎర్త్ వైరు లాగాలి. అన్నీ సరిగ్గానే చేశాం ఫ్యాన్ తిరగట్లేదు అనే కేసుల్లో ఇదే ఎక్కువ. మరలకి టెఫ్లాన్ టేప్ మందంగా చుట్టినా అదే తంటా.

85 నుంచే ఇంకో సన్న వైరు లాగి డ్యాష్‌బోర్డు కింద చిన్న స్విచ్, దాని రెండో కొస ఎర్త్. థర్మోస్విచ్ ఎప్పుడైనా మొండికేస్తే చేత్తో ఆన్ చేసుకోవచ్చు, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ముందే వేసేసుకోవచ్చు. 87 నుంచి ఒక చిన్న బల్బు కూడా డ్యాష్‌లోకి ఇవ్వు, రిలే నుంచి కరెంట్ వెళ్తోందని తెలుస్తుంది, బల్బు వెలిగినా ముల్లు దిగకపోతే మోటారో ఎర్తో చూసుకోవాలి. రిలేని ఎగ్జాస్ట్‌కి దూరంగా, పిన్నులు కిందకి ఉండేట్టు బిగించు, వాన నీళ్ళు నిలవవు.

అంతా అయ్యాక గ్రిల్ వైపు నుంచి రేడియేటర్ ముందు న్యూస్ పేపర్ పెట్టు, ఫ్యాన్ తిరుగుతుంటే పేపర్ రేడియేటర్‌కి అతుక్కోవాలి. దూరంగా తోస్తే ఉల్టా తిరుగుతోంది, రెండు వైర్లూ మార్చు. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడే మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస ఫ్యాన్ ప్లస్‌కి పెట్టు, అర వోల్ట్ కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో లూజు ఉంది. మైనస్ వైపు కూడా అలాగే. తర్వాత ఐడిల్‌లో వదిలేసి దగ్గరే నిలబడి చూడు, 92 దగ్గర ఆన్ అయ్యి కాసేపటికి ఆగాలి, అలా రెండు మూడు సార్లు ఆన్ ఆఫ్ అయ్యాక వైర్లు, ఫ్యూజ్ హోల్డర్, రిలే చేత్తో తాకి చూడు, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేకపోతే బండి బయటికి తియ్యకు, నాకు ఫోన్ చెయ్.

ముందు ఆ డైనమో మీదున్న ప్లేట్ తుడిచి ఫోటో తీసి పంపు, బ్యాటరీ దగ్గర ఎర్త్ ఎటుందో అది కూడా ఒక ఫోటో. అవి చూసి ఏ ఆల్టర్నేటర్ కొనాలో చెప్తా, అప్పటిదాకా ఫ్యాన్‌కి అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య