ఈసీజీ, ఎకో రెండూ నార్మల్ వచ్చాక టీఎంటీ ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: పరకాలలో ఉండే మీ నాన్నగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. మెట్లెక్కినా, కాస్త వేగంగా నడిచినా ఛాతీ పట్టేసినట్టు అవుతోంది. హన్మకొండలో ఈసీజీ, ఎకో తీస్తే రెండూ నార్మల్ వచ్చాయి. అయినా డాక్టర్ టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే టెస్ట్) రాశారు, అవసరమైతే యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో బ్లాకులు చూసే టెస్ట్) అన్నారు. అంతా బాగానే ఉందన్నాక ఇంకా టెస్టులెందుకు, డబ్బులు గుంజడానికి కాకపోతే? అని మీ అనుమానం.

టీఎంటీ చేయించండి. అనుమానాన్ని పూర్తిగా వదిలేయమని మాత్రం అనను. దాన్ని ఇంకాస్త ముందుకు, స్టెంట్ (సన్నబడ్డ రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) మాట వచ్చే దాకా దాచిపెట్టుకోండి, అక్కడ పనికొస్తుంది. నేను డాక్టర్‌ని కాదు. మా బాపుకు ఇవే టెస్టులు ఇదే వరసలో జరిగాయి, వెంట తిరిగినదాన్ని కాబట్టి రాస్తున్నా.

మా బాపుది నర్సంపేట పక్క ఊరు, మిర్చి రైతు. ఛాతీ మధ్యలో బరువుగా ఉందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని పరిగడుపున వేసుకునే గోళీలు ఇచ్చాడు. మన దగ్గర ఛాతీలో ఏమొచ్చినా ముందు గ్యాసే కదా. తర్వాత వరంగల్‌లో తీయించిన ఈసీజీ నార్మల్ అని రాగానే ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చింది. కార్డియాలజిస్టు ఆ కాగితాన్ని ఒక్కసారి చూసి పక్కన పెట్టేశాడు. బాపును ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడ నొస్తుంది పెద్దయ్యా, చూపించు."

బాపు వేలు పెట్టి చూపించలేదు. అరచెయ్యి మొత్తం ఛాతీ మధ్యలో ఆనించాడు.

"ఎప్పుడొస్తుంది?"

"బస్సు దిగి ఇంటికి పొయ్యేటప్పుడు సారూ. పోచమ్మ గుడి కాడికి వచ్చేవరకు పట్టుకుంటది. ఆడ గద్దె మీద కూసుంటే పోతది."

"ఎంతసేపటికి?"

"ఒక బీడీ తాగేంత సేపు గూడ పట్టది."

బీడీ మాట వినగానే డాక్టర్‌కు కోపం వచ్చింది, అది వేరే కథ. కానీ ఆయనకు కావలసినవి ఆ జవాబుల్లోనే దొరికాయి. ఛాతీ మధ్యలో బరువు, శ్రమపడితే రావడం, ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గడం: ఈ మూడూ కలిస్తే యాంజైనా (గుండె కండకు రక్తం చాలక వచ్చే నొప్పి) అని అనుమానించాలట, ఈసీజీ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. గుచ్చినట్టు ఒక్క క్షణం వచ్చిపోయేది, వేలితో నొక్కితే ఎక్కువయ్యేది, పక్కకు తిరిగితే మారేది గుండెది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. మీ నాన్నగారిది మీరు రాసినదాన్ని బట్టి మొదటి రకంలా ఉంది. పైగా షుగర్. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు దెబ్బతిని నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. ఆయాసం, చెమట, విపరీతమైన నీరసం, అంతవరకే కనిపించొచ్చు. ఆడవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో కూడా ఇలా జరుగుతుంది.

ఇక రెండు టెస్టులూ నార్మల్ ఎలా వచ్చాయన్నది.

గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని ఒంటికంతా పంపుతుంది. తన కండకు కావలసిన రక్తం మాత్రం లోపలి గదుల్లోంచి తీసుకోదు. మహాధమని మొదట్లోనే పుట్టే కరోనరీ రక్తనాళాలు గుండె పైనుంచి చుట్టుకుని దానికి రక్తం అందిస్తాయి. వీటిలో కొవ్వు పేరుకుని దారి సన్నబడటాన్నే మనం బ్లాక్ అంటాం. మన చెరువు తూము సంగతి తెలుసు కదా, సగం పూడిపోయినా ఒకటి రెండు మళ్లకు నీళ్లు అందుతూనే ఉంటాయి. నాట్ల సమయంలో అందరూ ఒకేసారి తిప్పుకుంటేనే చివరి మడి ఎండిపోతుంది. కూర్చున్న మనిషి గుండెకు కావలసిన రక్తం తక్కువ. దారి సగానికి పైగా మూసుకుపోయినా అప్పటికి సరిపోతుంది. మెట్లెక్కినప్పుడు అవసరం మూడు నాలుగు రెట్లవుతుంది. ఇంకో ఇబ్బంది ఉంది: ఎడమ గుండె కండకు రక్తం ఎక్కువగా అందేది అది ముడుచుకున్నప్పుడు కాదు, రెండు కొట్టుకోవడాల మధ్య సడలినప్పుడు. గుండె వేగం పెరిగేకొద్దీ ఆ సడలే సమయం తగ్గిపోతుంది. అవసరం పెరిగినప్పుడే అందే వ్యవధి తగ్గుతుందన్నమాట.

ఇప్పుడు ఈసీజీ చూడండి. ఒంటికి పది వైర్లు తగిలించి, గుండెలో నడిచే కరెంటును పన్నెండు కోణాల్లోంచి రాస్తుంది. పడుకోబెట్టి తీస్తారు. ఆ గులాబీ గళ్ల కాగితం మీద మామూలుగా ఉండేది పది సెకన్ల గుండె, అదీ విశ్రాంతిలో ఉన్న గుండె. పాత హార్ట్ ఎటాక్ గుర్తులు, లయ తప్పడం, ఆ నిమిషంలో జరుగుతున్న ఎటాక్ లాంటివి అందులో దొరుకుతాయి. పరకాల బస్టాండులో నడిచేటప్పుడు మాత్రమే రక్తం చాలని గుండె, బెడ్ మీద పడుకున్నప్పుడు నార్మల్‌గానే రాసుకుంటుంది. ఇందులో మిషన్ తప్పు లేదు, తీసిన వాళ్ల తప్పూ లేదు.

ఎకో కూడా అంతే. శబ్ద తరంగాలతో కవాటాలు, గోడలు, పంపింగ్ చూస్తారు. మా బాపు రిపోర్టులో ఈఎఫ్ 60 అని ఉంటే మా చిన్నమ్మ "అయ్యో, నూటికి అరవయ్యేనా" అని ఏడుపు అందుకుంది. ఈ భయం చాలామందిలో చూశాను కాబట్టి చెప్తున్నా: ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కసారి ముడుచుకున్నప్పుడు బయటికి పోయే వాటా అది. నూటికి నూరు ఎవరికీ పోదు. 55 నుంచి 70 దాకా మామూలే. 40, అంతకన్నా తక్కువైతే పంపింగ్ తగ్గినట్టు. మీ నాన్నగారి ఎకో నార్మల్ అంటే కండ ఇంతవరకు పెద్దగా దెబ్బతినలేదు, కవాటాలు బాగున్నాయి అని అర్థం. అది నిజంగా మంచి వార్తే. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని మాత్రం అది చెప్పదు, ఎందుకంటే మామూలు ఎకోలో అవి లోపల ఎలా ఉన్నాయో కనిపించదు.

అందుకే టీఎంటీ. నొప్పి ఎప్పుడు వస్తుందో ఆ పరిస్థితిని డాక్టర్ కళ్ల ముందు తెప్పించి, అప్పుడు ఈసీజీ చూడటం. మామూలుగా వాడే బ్రూస్ పద్ధతిలో బెల్ట్ గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, పది శాతం ఎత్తులో మొదలవుతుంది. ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ ఎత్తూ పెరుగుతాయి. మధ్యమధ్యలో బీపీ చూస్తారు. 220లోంచి వయసు తీసేసి, వచ్చినదాంట్లో 85 శాతానికి గుండె వేగం చేరాలని చూస్తారు. మీ నాన్నగారికైతే నిమిషానికి 138 దగ్గర. కాగితం మీద ఎస్‌టీ అనే గీత ఒక మిల్లీమీటర్ లేదా అంతకన్నా కిందికి దిగి అడ్డంగా సాగితే రక్తం చాలడం లేదని లెక్క. మా బాపుకు రెండో దశలోనే దిగింది. "సారూ, పోచమ్మ గుడి వచ్చింది" అన్నాడు. టెక్నీషియన్‌కు అర్థం కాలేదు, డాక్టర్ నవ్వి మిషన్ ఆపించాడు.

టీఎంటీ కూడా తిరుగులేనిదేం కాదు. బ్లాక్ ఉన్నా నెగెటివ్ రావచ్చు, లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఆడవాళ్లలో ఉత్తుత్తి పాజిటివ్‌లు మరీ ఎక్కువ. మోకాళ్ల నొప్పులతో నడవలేని వాళ్లకు మందు ఎక్కించి గుండె వేగం పెంచి ఎకో చూస్తారు, లేదా సీటీ యాంజియోగ్రామ్ తీస్తారు. సీటీలో చేతి నరానికి డై (రక్తనాళాలు స్కాన్‌లో కనిపించేలా చేసే మందు) ఇంజెక్షన్ ఇచ్చి బయటినుంచే రక్తనాళాలను చూడొచ్చు. డై ఏదైనా సరే ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చేయించాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. నొప్పి ఊరికే కూర్చున్నప్పుడు కూడా రావడం, ముందుకన్నా తక్కువ దూరానికే రావడం, రాత్రి నిద్రలోంచి లేపడం మొదలైతే టీఎంటీ తారీఖు కోసం చూడొద్దు. అప్పుడు టీఎంటీ ప్రమాదం కూడా. చెమటలు పట్టి, నొప్పి పది నిమిషాలైనా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోవద్దు. ఆస్పత్రిలో వెంటనే ఈసీజీ తీస్తారు, మొదటిది బాగున్నా మళ్లీ తీస్తారు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. గుండె కండ దెబ్బతిన్న కొన్ని గంటలకు గానీ అది రక్తంలో పెరగదు, అందుకే నెగెటివ్ వచ్చినా కాసేపాగి రెండోసారి చేస్తారు. రెండోసారి రక్తం తీస్తున్నారని గొడవ పెట్టుకున్న బంధువులను నేను చూశాను. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్‌కు సుమారు వంద కిలోమీటర్లు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన ఎటాక్‌లో రెండు గంటల్లోపు స్టెంట్ వేయగలిగే చోటుకు చేరలేమనుకుంటే, దగ్గర్లోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేయించుకుని తర్వాత పెద్దాస్పత్రికి పోవడమే పద్ధతి. "పట్నం పోయాకే చూసుకుందాం" అని ఆలస్యం చేస్తే కండ చచ్చిపోతుంది.

ఇక మీ అనుమానం దాచిపెట్టుకోమన్న చోటు. టీఎంటీ పాజిటివ్ వస్తే యాంజియోగ్రామ్ అంటారు. మణికట్టు దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి డై వేసి తీస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు, దాని గురించి పెద్దగా భయపడాల్సింది లేదు. భయపడాల్సింది బయట నిలబడ్డ మనం. క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసే గది) తలుపు తీసి ఒకాయన వచ్చి, "80 శాతం బ్లాక్ ఉంది, ఇప్పుడే స్టెంట్ వేసేద్దాం, సంతకం పెట్టండి" అంటాడు. ఆ టెన్షన్‌లో ఎవరైనా సంతకం పెడతారు. మాకూ అలాగే చెప్పారు. మేం ముందే మా డాక్టర్‌తో మాట్లాడుకున్నాం కాబట్టి ఆయన్నే పిలిపించి అడిగాం: ఇది ఏ రక్తనాళం? ఎక్కడ? ఇప్పుడు వేయకపోతే ఏమవుతుంది?

హార్ట్ ఎటాక్ జరుగుతున్నప్పుడు స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అక్కడ ప్రశ్నలకు టైం లేదు. శ్రమపడితేనే వచ్చి ఆగితే పోయే నిలకడైన నొప్పి సంగతి వేరు. ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. అందులో 5,179 మంది ఉన్నారు. ఇలాంటి నిలకడైన జబ్బులో ముందే స్టెంటో బైపాసో చేసినవాళ్లకూ, మంచి మందులతో మొదలుపెట్టినవాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి మాత్రం మొదటివాళ్లకే బాగా తగ్గింది. ఎడమవైపు ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవాళ్లను, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను అందులో చేర్చుకోలేదు. కాబట్టి వాళ్లకు ఈ లెక్క వర్తించదు.

మా బాపుది కుడి నాళంలో బ్లాక్. యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని హైదరాబాద్‌లో ఇంకో కార్డియాలజిస్టుకు చూపిస్తే, ముందు మందులతో చూద్దామన్నాడు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్. బీడీలు బంద్. ఇప్పుడు గుడి దాటి ఇంటిదాకా ఆగకుండా వస్తున్నాడు. రేపు నొప్పి మళ్లీ మొదలైతే స్టెంట్ వేయించుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. మీ నాన్నగారికి స్టెంటే సరైనది కావచ్చు, నేను ఇక్కడ కూర్చుని చెప్పగలిగేది కాదు. యాంజియోగ్రామ్‌కు ముందే, టేబుల్ మీద పడుకోబెట్టకముందే, ఈ మాటలు డాక్టర్‌తో అయిపోవాలి. సీడీ అడిగి తీసుకోండి, అది మీదే.

డబ్బుల సంగతి కూడా. స్టెంట్, బైపాస్ రెండూ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలకు పెంచారు. చేరకముందే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి కార్డు చూపించండి, చేరిన తర్వాత మార్చడం తలనొప్పి. సొంత డబ్బులు పెట్టుకుంటే, స్టెంట్ ధరకు 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టిందని గుర్తుంచుకోండి. బిల్లులో స్టెంట్ పేరు, ధర విడిగా రాయాలి, మొత్తం ప్యాకేజీలో కలిపేస్తే అడగండి.

టీఎంటీ రోజున రెండు మూడు గంటల ముందు నుంచి కడుపు నిండా తినిపించొద్దు. బీపీ, గుండె మాత్రలు ఆపాలో వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి, మీకు మీరు ఆపొద్దు. పంచె కట్టుకునే మనిషైతే పైజామా, వదులు చొక్కా పట్టుకుపోండి. మా బాపు పంచెతోనే మిషన్ ఎక్కబోతే మళ్లీ బజారుకు పరిగెత్తాల్సి వచ్చింది. బెల్ట్ మీద కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడొద్దని కూడా చెప్పండి. అలా చేస్తే బరువంతా చేతుల మీద పడుతుంది, గుండెకు శ్రమ తగ్గి టెస్ట్ సరిగ్గా రాదు. రిపోర్ట్ వచ్చాక అందులో రాసింది ఇక్కడ పెట్టండి, పేరు తీసేసి.