ఎండబెట్టే పూలు: ఎప్పుడు కోయాలి? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: స్ట్రాఫ్లవర్ పూలు బాగా విచ్చుకున్నాక కోసి తలకిందులుగా వేలాడదీశాం. వారం తిరిగేసరికి నడుమ గోధుమరంగుకు తిరిగి నూగు రాలుతోంది, రేకులు వెనక్కి మడతపడ్డాయి. ఎండబెట్టడంలో ఏం లోపం?

జవాబు: ఎండబెట్టడంలో లోపమేమీ లేదు, కోత ఆలస్యమైంది. ఈ పువ్వులో రేకుల్లా మెరిసేవి రేకులు కావు, కాగితంలాంటి పుచ్ఛాలు (పువ్వును చుట్టి ఉండే, ఆకుల నుంచి మారిన భాగాలు). అసలు పూలు నడుమనున్న పసుపుపచ్చ దిమ్మెలో ఉంటాయి. కోసిన తరవాత కూడా అవి ముదురుతాయి, పుచ్ఛాలు విచ్చుకుంటూనే ఉంటాయి. అందుకే బయటి రెండు మూడు వరుసలు విడివడి, నడుమ ఇంకా మూసుకుని ఉండగానే కోయాలి. పసుపు కనిపించిన పువ్వు నీళ్ల జాడీలోకి బాగుంటుంది, ఎండబెట్టడానికి పనికిరాదు.

తడిసినప్పుడు ఈ పుచ్ఛాలు ముడుచుకుంటాయి. కాబట్టి తెల్లవారుజామున మంచులో చూస్తే ముదురు పువ్వు కూడా లేతగా కనిపించి మోసం చేస్తుంది. మంచు పూర్తిగా ఆరాకే చూసి కోయండి.

ఎండిన మెడ తల బరువు మోయలేదన్నది ఇంకో చిక్కు. కోసిన రోజే, పువ్వు పచ్చిగా ఉండగానే, తల కింద అంగుళం కాడ ఉంచి కత్తిరించి, 22 గేజీ సన్నపాటి ఇనుప తీగను కాడలోంచి తలలోకి గుచ్చండి. మొన పైకి పొడుచుకు రాకూడదు. ఎండేకొద్దీ కాడ కుంచించుకుపోయి తీగను బిగించి పట్టుకుంటుంది. ఎండాక గుచ్చబోతే తల పగులుతుంది.

ప్రశ్న: బొగడబంతి, కోడిజుట్టు, స్టాటిస్ (గుత్తులుగా పూసే ఎండు పూల రకం) కూడా మొగ్గ దశలోనే కోయాలా?

జవాబు: వద్దు, అలా కోస్తే నష్టపోతారు. స్టాటిస్ కోశాక మొగ్గలు సరిగా విచ్చుకోవు. గుత్తిలో ముప్పాతిక వంతు రంగు తేలేదాకా ఆగాలి. చిన్న తెల్లపూలు రాలిపోతాయి, ఫరవాలేదు. రంగుతో నిలిచేది వాటి కింది రక్షకపత్రాలే. బొగడబంతి తల గుండ్రంగా, గట్టిగా నిండాలి. కాడ పట్టుకుని ఊపితే మెడ వాలిందంటే ఇంకా లేత. తల పొడుగు సాగేదాకా ఉంచితే కింది పొలుసులు రాలతాయి. కోడిజుట్టును రంగు నిండాక, గింజ కట్టకముందే కోయండి. అరచేతిలో దులిపితే నల్లగింజలు పడ్డాయంటే ఆలస్యమైనట్టే, ఇల్లంతా రాలుస్తుంది. మందపాటి తలల్ని కట్ట కట్టకుండా విడివిడిగా వేలాడదీయాలి.

ప్రశ్న: స్ట్రాఫ్లవర్ విత్తనాలు మొలవడం లేదు.

జవాబు: మట్టి కప్పి ఉంటారు. వీటికి వెలుతురు కావాలి. తడి మట్టి మీద చల్లి, వేళ్లతో అదిమి, తుంపరగా నీళ్లివ్వండి. 20–24 డిగ్రీల వేడిలో 7–10 రోజులకు మొలుస్తాయి. మొక్కకూ మొక్కకూ 25–30 సెంటీమీటర్ల ఎడం చాలు. యూరియా జోలికి పోకండి: నత్రజని ఎక్కువైతే ఆకు బలిసి, కాడ మెత్తబడి పడిపోతుంది.

ప్రశ్న: కట్టల నడుమ బూజు పడుతోంది, రంగు కూడా వెలుస్తోంది.

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. బూజుకు కారణం లావుపాటి కట్టలు, దూయని ఆకులు. కాడలన్నింటికీ ఆకులు దూసేసి, పదికి మించకుండా, తలలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఎత్తు తగ్గులుగా కట్టండి. దారం కన్నా రబ్బరుబ్యాండు మేలు. కాడలు ఎండి సన్నబడితే దారం వదులై కాడలు జారిపోతాయి. రంగు వెలవడానికి కారణం వెలుతురు. ఎండలో ఆరేయకుండా, గాలాడే చీకటి గదిలో 2–3 వారాలు ఉంచండి. మెడ దగ్గర వంచితే పుటుక్కున విరగాలి. మెత్తగా వంగిందంటే లోపల తడి ఉంది, పెట్టెలో సర్దొద్దు. సర్దేటప్పుడు అట్టపెట్టె వాడండి. ప్లాస్టిక్ సంచిలో మిగిలిన కాస్త చెమ్మ చాలు, మళ్లీ బూజు పట్టడానికి.