పాఠకుల ప్రశ్నలు: అది ‘నరాల బలహీనత’ కాదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో గుమస్తాను. ఆరేళ్లుగా షుగర్, రెండేళ్లుగా బీపీ. ఏడాది నుంచి అంగం సరిగా గట్టిపడటం లేదు, గట్టిపడినా నిలవడం లేదు. కోరిక మాత్రం తగ్గలేదు. బస్టాండు పక్కన లాడ్జిలో క్యాంపు పెట్టే ఆయన నరాల బలహీనత అని చెప్పి పొడి ఇచ్చారు. వేసుకున్న రోజు పనిచేస్తోంది. వాడవచ్చా? ఈ వయసులో ఇది ఎందరికి ఉంటుంది?

జవాబు: ముందు ఆ పొడి ఆపండి. వేసుకున్న రోజే గుణం చూపే ‘మూలికల’ పొడుల్లో సిల్డెనాఫిల్ (అంగం గట్టిపడటానికి డాక్టర్లు రాసే మందు, వయాగ్రాలో ఉండేది ఇదే) కలిపినట్టు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. మీ పొడిలో ఉందో లేదో, ఉంటే ఎంతుందో చెప్పే దారి లేదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర దానికి తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఛాతీనొప్పితో ఆస్పత్రికి పోయినవాడు సిగ్గుపడి పొడి సంగతి దాస్తే జరిగేది ఇదే.

ఇక అసలు సంగతి. అంగం లోపల స్పాంజిలాంటి రెండు గొట్టాలుంటాయి. కోరిక కలిగినప్పుడు నరాల కొసల నుంచీ, రక్తనాళాల లోపొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడి ధమనులు వదులవుతాయి, రక్తం నిండుతుంది. ఆ ఒత్తిడికి సిరలు నొక్కుకుపోయి, వచ్చిన రక్తం లోపలే నిలుస్తుంది. షుగర్ నరాలనూ, ఆ లోపొరనూ రెండింటినీ దెబ్బతీస్తుంది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు 1–2 మిల్లీమీటర్లే, గుండెవి 3–4. కొవ్వు పేరుకుంటే సన్నది ముందు మూసుకుంటుంది. అందుకే చాలామందిలో గుండెజబ్బు బయటపడటానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే ఈ లోపం కనబడుతుంది. మీరు గుండె పరీక్ష చేయించుకోవాల్సింది ఇందుకే.

ఎందరికంటారా? అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987–89లో 40–70 ఏళ్ల మగవాళ్లను పరిశీలిస్తే 52 శాతం మందికి ఎంతో కొంత ఉంది. అసలే గట్టిపడనివారు 40 ఏళ్ల వయసులో 5 శాతం, 70కి 15 శాతం. షుగర్‌కు మందులు వాడేవారిలో అసలే గట్టిపడకపోవడం దాదాపు మూడు రెట్లు. మన దగ్గరా అంతేనని ఈ లెక్కను అతికించలేం గానీ, షుగర్ చేసే పని ఎక్కడైనా ఒకటే.

పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చేయించండి. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌కు రక్తం ఉదయం 11 లోపే ఇవ్వాలి, మధ్యాహ్నం ఇస్తే తక్కువ చూపిస్తుంది. బీపీ మాత్రల చీటీ తీసుకెళ్లండి. అటెనలాల్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటివి కొందరిలో ఈ ఇబ్బంది తెస్తాయి. సొంతంగా మానొద్దు, డాక్టరే మారుస్తారు. గుండె బాగుందని తేలాక సిల్డెనాఫిల్ మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు: గంట ముందు, ఖాళీ కడుపుతో, రోజుకు ఒకసారికి మించకుండా. మటన్ బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యమవుతుంది. కోరిక లేకుండా మాత్ర ఒక్కటే ఏమీ చేయదు. ఒక్కసారి వేసుకుని లాభం లేదనొద్దు, వేర్వేరు రోజుల్లో ఆరేడుసార్లు చూసి చెప్పాలి. బీడీ, సిగరెట్ ఉంటే మానాలి. వారానికి నాలుగు రోజులు 40 నిమిషాల చొప్పున ఆరు నెలలు వేగంగా నడిస్తే చాలామందికి మెరుగవుతుంది.

ప్రశ్న: 38 ఏళ్లు, జడ్చర్ల దగ్గర పల్లె. పదేళ్లుగా రోజూ దుకాణం కల్లు. ఇప్పుడు కోరికే లేదు. రేపటి నుంచే బంద్ చేస్తే తిరిగొస్తుందా?

జవాబు: రేపే వద్దు. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు, దుకాణంలో ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు వేరు. ఈ మత్తుమందులు కోరికను మొద్దుబారుస్తాయి. కానీ ఏళ్ల అలవాటును ఒక్కసారి ఆపితే చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ వస్తాయి. మానసిక వైద్య విభాగం ఉన్న ప్రభుత్వాస్పత్రికి వెళ్తే కల్లులోని మత్తుకు బదులు మాత్రలిచ్చి, వాటి మోతాదు వారాల తరబడి తగ్గిస్తూ మాన్పిస్తారు. మానిన కొన్ని నెలలకూ కోరిక రాకపోతే టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్, థైరాయిడ్ హార్మోన్లు చూడాలి. రెండుసార్లు ఉదయం పరీక్షలో టెస్టోస్టెరాన్ తక్కువని తేలకుండా ఆ హార్మోన్ ఇంజక్షన్ వేయించుకోవద్దు. దానివల్ల వీర్యకణాలు పడిపోతాయి, పిల్లలు కావాలనుకునేవారు మరీ జాగ్రత్త.

ప్రశ్న: 26 ఏళ్లు, దేవరకొండ. పెళ్లయి నెల. తెల్లారి లేచేసరికి బాగానే ఉంటుంది, భార్య దగ్గర మాత్రం పోతుంది. మూత్రంలో ధాతువు పోయినందుకేనా?

జవాబు: కాదు. తెల్లవారుజామున గట్టిపడుతోందంటే నాళాలు, నరాలు బాగున్నాయనే లెక్క. భయంలో విడుదలయ్యే అడ్రినలిన్ ధమనులను బిగిస్తుంది, అంతే. మూత్రంలో తెల్లగా పోయేది చాలాసార్లు ఫాస్ఫేటు లవణాలు, దానివల్ల బలం పోదు. రెండు వారాలు కలయిక ప్రయత్నమే చేయకుండా, ఆమెకు చెప్పి, తాకడం దగ్గరే ఆగండి.