1923 ఎక్కడ, 1933 ఎక్కడ?

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీ గురించి బాగానే చదివినా మార్కులు రావడం లేదని, తప్పు ఎక్కడ జరుగుతోందని అడిగారు. బహుశా నేను చేసిన తప్పే మీరూ చేస్తున్నారు.

ఎంఏ మొదటి ఏడాది ఇంటర్నల్స్‌లో "నోట్ల విలువ పడిపోయి జనం హిట్లర్‌ను గెలిపించారు" అని రాశాను. మేడమ్ ఆ వాక్యం చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, పక్కన "1923 ఎక్కడ, 1933 ఎక్కడ?" అని రాశారు. నోట్ల విలువ కుప్పకూలింది 1923లో, హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933లో. ఇరవైకి ఏడు వచ్చాయి. ఆ పేపర్ ఇప్పటికీ దాచుకున్నాను.

1923 నవంబర్‌లో ఒక డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు (మార్కు అంటే జర్మనీ కరెన్సీ). ఆ వెంటనే రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చింది, 1924లో జర్మనీ యుద్ధ పరిహారం చెల్లింపులను సర్దుబాటు చేసిన డాస్ ప్రణాళికతో అమెరికా అప్పులు వచ్చాయి, పరిస్థితి కుదుటపడింది. 1928 మే ఎన్నికల్లో హిట్లర్ పార్టీ నాజీలకు దక్కింది 2.6 శాతం ఓట్లే. నోట్ల గొడవే అసలు కారణమైతే ఈ అంకె ఇంత చిన్నగా ఎందుకుంది?

1929 తర్వాత వచ్చిన ప్రపంచ ఆర్థిక మాంద్యం దానికి పూర్తిగా తలకిందుల జబ్బు. అప్పుడు ధరలు పెరగలేదు, పడిపోయాయి. మన డెల్టాలో వడ్ల ధర కూలి రైతులు అప్పుల్లో కూరుకుపోయిందీ ఆ రోజుల్లోనే. ధర పడితే అప్పున్నవాడికి ఎంత నరకమో రైతు కుటుంబాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ సమయంలో జర్మనీ ఛాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) బ్రూనింగ్ రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద, పార్లమెంటు ఆమోదం లేకుండానే, అధ్యక్షుడి అత్యవసర డిక్రీలు తెచ్చి జీతాలు, భృతులు కోశాడు. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. నాజీల ఓట్లు 1930లో 18.3 శాతానికి, 1932 జూలైలో 37.3 శాతానికి ఎగబాకాయి.

అలాగని 1923ను వదిలేయకండి. దాచుకున్న సొమ్మంతా కరిగిపోయిన మధ్యతరగతికి రిపబ్లిక్ (అప్పటి ప్రజాస్వామ్య వ్యవస్థ) మీద నమ్మకం పోయింది. ఆ అనుభవం వల్లే మాంద్యంలో మళ్లీ నోట్లు ముద్రించాలంటే ప్రభుత్వానికీ భయమే. ఈ లింకు ఒక్క వాక్యంలో రాసినా జవాబు బరువు పెరుగుతుంది.

"నిరుద్యోగులే నాజీలకు ఓటేశారు" అని కూడా రాయకండి. వాళ్లలో ఎక్కువమంది కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీలకు గట్టి పట్టు ప్రొటెస్టెంట్ పల్లెల్లో, చిన్న వ్యాపారుల్లో ఉండేది.

"గెలిపించారు" అన్న మాట దగ్గరైతే మరీ జాగ్రత్త. 1932 నవంబర్‌లో నాజీల ఓట్లు 33.1 శాతానికి తగ్గాయి. మెజారిటీ లేకపోయినా మాజీ ఛాన్సలర్ పాపెన్ వంటివాళ్లు నచ్చజెప్పడంతో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించాడు.