కంపుకు పట్టిన వాసన

ప్రశ్న: ఏటా అక్షయ తృతీయ నాడు సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనానికి తెల్లవారకముందే క్యూలో నిలబడే కుటుంబం మాది. ఈ మధ్య ఒక బంధువు గురించి మాట్లాడుతూ ‘ఆయన నిజరూపం ఇప్పుడు బయటపడింది’ అని నేనంటే, మా అత్తగారు ‘ఆ మాట అలా వాడకూడదమ్మా’ అని నొచ్చుకున్నారు. మాటకున్న చెడ్డ అర్థం మంచి అర్థాన్ని పాడుచేస్తుందా?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం, విశాఖపట్నం

జవాబు: పాడుచేస్తుంది, కానీ అన్ని మాటలనూ ఒకేలా కాదు. పూర్తిగా చెడిన మాటకు ‘కంపు’ను మించిన ఉదాహరణ లేదు. పాత కావ్యాలలో పూలకూ కంపు ఉండేది, అది పరిమళమే; కన్నడంలో నేటికీ ఆ మాటకు సువాసన అనే అర్థం. మన ‘కమ్మని’లోని కమ్మ దీనికి తోబుట్టువు. ఇప్పుడు సింహాచలం సంపెంగల బుట్ట ముందు నిలబడి ‘ఎంత కంపో’ అంటే అమ్మే ఆమె ఊరుకోదు. మంచిదో చెడ్డదో తేల్చని మాటను వినేవారు చెడ్డవైపే తీసుకుంటారు గనుక, మెచ్చుకోదలచినవారు అనుమానానికి తావులేని మరో మాట వెతుక్కుంటారు. అలా మంచి అర్థంలో వాడేవారు తగ్గిపోయి, చివరికి ఆ మాట చెడ్డదానికే మిగిలిపోతుంది. వ్యాకరణ పుస్తకాలు దీన్ని అర్థాపకర్ష అంటాయి. ‘వాసన’ కూడా ఇప్పుడు అదే దారి పట్టింది: ‘గదిలో వాసన వస్తోంది’ అంటే ఎవరూ అగరువత్తులను తలుచుకోరు.

‘పోవు’ అంతగా చెడలేదు గాని, మరణమనే అర్థం నీడ దాని మీద పడింది. ‘తాతగారు అనకాపల్లి పోయారు’ అంటే ఇబ్బంది లేదు; ఊరి పేరు వదిలేస్తే అవతలివారి ముఖం మారిపోతుంది. గుమ్మం దగ్గర ‘వెళ్తాను’ అనడానికి జంకి ‘వెళ్లొస్తాను’ అనడం కూడా ఆ నీడ వల్లనే.

‘పూజ్యం’ సంగతి వేరు. పూజింపదగినది అనీ, సున్న అనీ రెండర్థాలూ బతికే ఉన్నాయి. ‘పూజ్యులైన గురువుగారు’ అన్నప్పుడు సున్న ఎవరికీ గుర్తురాదు. వాక్యం చివరికి చేరితేనే చిక్కు. సంతాప వ్యాసంలో ‘వారి పాండిత్యం పూజ్యం’ అని రాసేవారికి దురుద్దేశం ఉండదు, అయినా దిద్దక తప్పదు.

ఇక మీ మాట. నిజంలోనూ రూపంలోనూ చెడు లేదు. అది ‘బయటపడింది’ అనే క్రియతో వచ్చింది, ఎందుకంటే దాచినదే బయటపడుతుంది. విచిత్రమేమిటంటే సింహాచలంలోనూ రూపం దాగినదే: ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండి, వైశాఖ శుద్ధ తదియ నాడే కనిపిస్తుంది. అయితే ఆ చందనం స్వామి ఉగ్రతను చల్లబరచడానికని భక్తుల నమ్మకం. మనిషి ముసుగు వేసుకునేది తప్పు కనబడకుండా. పైగా గుడిలో ఆ మాట ‘దర్శనం’తో జతకట్టి ఉంది, ఆ జత విడిపోనంత కాలం దానికి కంపు గతి పడుతుందని మేము అనుకోము. అలాగని మీ అత్తగారిది చాదస్తమనీ అనలేము (ఆ మాట కూడా వేదం చదువుకున్న ఛాందసుడి నుంచి వచ్చి చెడినదే). బంధువు గురించి తప్పక చెప్పవలసి వస్తే ‘అసలు రంగు బయటపడింది’ అనండి. అక్కడ పాడవడానికి ఏ గౌరవమూ లేదు.