పాముకాటు వైద్యానికి నమ్మదగిన గైడ్‌లైన్స్ ఆన్‌లైన్‌లో ఎక్కడ చూడాలి?

అమలాపురం దగ్గర పీహెచ్‌సీలో కొత్తగా చేరాను, వరి కోతలప్పుడు పాముకాటు కేసులొస్తే టెన్షన్‌గా ఉంటోంది, డబ్బు కట్టకుండా ఏం చదవాలి అని అడిగారు.

ముందు గైడ్‌లైన్, తర్వాతే జర్నల్. డబ్ల్యూహెచ్‌ఓ ఆగ్నేయాసియా కార్యాలయం 2016లో తెచ్చిన పాముకాటు మార్గదర్శకాలు ఉచితం. ఫోన్‌లో దించి పెట్టుకోండి, లంక ఊళ్లలో సిగ్నల్‌ని నమ్మలేం. అందులో రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల రక్తపరీక్షను కంఠతా పట్టండి. సుమారు 2 మి.లీ. రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టలేదంటే మన దగ్గర ముందు రక్తపింజరనే అనుమానించాలి. ప్లాస్టిక్ గొట్టమైనా, డిటర్జెంట్‌తో కడిగిన గాజుదైనా ఫలితం తప్పుతుంది. చాలామంది పొరపడే ఇంకో సంగతి: పిల్లలకీ పెద్దలకీ యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మోతాదు ఒకటే.

మిగతా జబ్బులకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోస్, అంటే వైద్యం ఎలా చేయాలో వరుసగా చూపే పట్టికలు చూడండి, ఓపీలో నిలబడే చదివేయొచ్చు.

జర్నల్స్ కోసం పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి వ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. వైద్య వ్యాసాల్ని వెతికే పబ్‌మెడ్‌లో మాత్రం చాలావాటికి సారాంశమే ఉంటుంది, దాన్ని బట్టి వైద్యం మార్చకండి. ఆస్ట్రేలియా పేపర్ చూసి మాత్రం ఇక్కడ డోసు నిర్ణయించొద్దు. అక్కడి పాములు వేరు, మందూ వేరు.