మీ అబ్బాయి ఆడబోయే జట్టుకు యజమాని ఎవరు?

ప్రశ్న: మేము ఇరవై ఏళ్లుగా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఉంటున్నాము. ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి 17 ఏళ్లు, పదకొండో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఐస్ హాకీ ఆడుతున్నాడు, బాగానే ఆడతాడని కోచ్‌లు అంటున్నారు. ఈ మధ్య ‘స్లాప్ షాట్’ అనే పాత హాకీ సినిమా చూసి, అందులోని హాన్సన్ అన్నదమ్ముల బొమ్మ గోడకు అంటించుకున్నాడు. ‘వాళ్లు చిన్న లీగ్ ఆటగాళ్లే, అయినా యాభై ఏళ్లుగా జనం గుర్తుపెట్టుకున్నారు, నేనూ అలాగే బతుకుతాను, కాలేజీ వద్దు’ అంటున్నాడు. ఇంట్లో రోజూ గొడవే. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ఆ బొమ్మను గోడ మీద నుంచి తీయించకండి. అందులో ఉన్నవారి జీవితాలను మీ అబ్బాయి పూర్తిగా తెలుసుకుంటే మీ ఇంటి వాదన సగం అక్కడే తేలిపోతుంది. అతడు సినిమా వరకే చూశాడు. దాని ముందూ వెనకా ఏం జరిగిందో మీరు పక్కన కూర్చుని చెప్పండి.

1970లలో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ అనే ఉక్కు కర్మాగారాల ఊళ్లో జెట్స్ అనే హాకీ జట్టు ఉండేది. మిన్నెసోటాలో ఇనుప గనుల ప్రాంతానికి చెందిన జాక్, స్టీవ్, జెఫ్ అనే ముగ్గురు కార్ల్‌సన్ అన్నదమ్ములు, సెయింట్ పాల్ నుంచి వచ్చిన డేవ్ హాన్సన్ ఆ జట్టులో ఆడేవారు. మందపాటి నల్ల ఫ్రేము కళ్లజోళ్లతో మంచు మీదికి దిగడం ఆ అన్నదమ్ములకు నిజంగానే ఉన్న అలవాటు, సినిమావాళ్లు కల్పించిన వేషం కాదు. అదే జట్టులో నెడ్ డౌడ్ అనే మరో ఆటగాడుండేవాడు. అతని అక్క నాన్సీ డౌడ్ రచయిత్రి. ఒక రాత్రి అతడు ఆమెకు ఫోన్ చేసి, జట్టును అమ్మేస్తున్నారట అని దిగులుగా చెప్పాడు. ‘ఇంతకీ జట్టు ఎవరిది?’ అని ఆమె అడిగింది. తాను ఎవరి కోసం ఒళ్లు హూనం చేసుకుంటున్నాడో అతనికి తెలియదు. ఆ ప్రశ్నే సినిమా కథకు వెన్నెముక అయింది. ఆమె ఆ ఊరికి వెళ్లి, ఆటగాళ్ల మధ్య ఉండి, వాళ్ల మాటలను టేపు రికార్డరు సాయంతో పట్టుకుని స్క్రిప్టు రాసింది. జార్జ్ రాయ్ హిల్ దర్శకత్వంలో, పాల్ న్యూమన్ కథానాయకుడిగా ఆ చిత్రం 1977లో విడుదలైంది.

అందులోని హాన్సన్ అన్నదమ్ముల పాత్రలు మొదట ముగ్గురు కార్ల్‌సన్‌ల కోసం అనుకున్నవి. షూటింగు సమయానికి జాక్‌కు అప్పటి వరల్డ్ హాకీ అసోసియేషన్‌లోని ఎడ్మంటన్ జట్టు నుంచి పిలుపు వచ్చింది. అతడు ఆటకే వెళ్లాడు. ఆ స్థానంలో డేవ్ హాన్సన్ నటించాడు. ఈ ఒక్క సంగతి దగ్గర మీ అబ్బాయిని కాసేపు ఆపండి. సినిమా చేతిలో ఉండగా కూడా, పై లీగ్ నుంచి పిలుపు వస్తే వెళ్లవలసిందే అని ఆ ఇంటి పిల్లవాడు అనుకున్నాడు. తరువాత జాక్ అన్నిటికన్నా పై లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో (నేషనల్ హాకీ లీగ్) మిన్నెసోటా, సెయింట్ లూయిస్ జట్లకు ఆడాడు. తెర మీదికి వచ్చినవారు కూడా షూటింగు అయ్యాక మళ్లీ ఆటకే వెళ్లారు: స్టీవ్ లాస్ ఏంజెలెస్ కింగ్స్ తరఫున 52 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడాడు, డేవ్ డెట్రాయిట్, మిన్నెసోటా జట్ల తరఫున 33 ఆడాడు. జెఫ్‌కు ఎన్‌హెచ్‌ఎల్ దక్కనే లేదు. అతడు మీ రాష్ట్రంలోనే, మస్కీగన్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి ఇల్లు గడుపుకున్నాడు. డేవ్ పిట్స్‌బర్గ్ దగ్గర ఒక విశ్వవిద్యాలయానికి చెందిన క్రీడా సముదాయాన్ని నడిపాడు. స్టీవ్ కోచింగ్‌లోకి వెళ్లాడు. సినిమాలోని కల్పిత జట్టు పేరు చూసి ‘చీఫ్స్’ అని పేరు పెట్టుకున్న జాన్స్‌టౌన్ కొత్త జట్టుకు 1988లో శిక్షకుడయ్యాడు.

సినిమాకు వచ్చిన ఆదరణ నెమ్మదిగా, ఏళ్ల మీద పెరిగింది. తెర మీద కనిపించిన ఆ ముగ్గురూ నడివయసులో అవే జెర్సీలు, అవే కళ్లజోళ్లు వేసుకుని చిన్న ఊళ్ల హాకీ మైదానాలకు వెళ్లి, అభిమానులకు సంతకాలు చేసి, సేవాసంస్థలకు చందాలు పోగుచేసేవారు. అది గౌరవంగా బతికిన బతుకే, నేను తక్కువ చేయను. అయితే ఆ పేరు కోసం వాళ్లలో ఎవరూ కాలేజీ మానుకోలేదు, ఏ పనీ వదులుకోలేదు. వాళ్లు తమ ఆట తాము ఆడుకుంటుంటే, ఒక తోటి ఆటగాడి అక్కగారు రచయిత్రి కావడం వల్ల కెమెరా వాళ్ల దగ్గరికి వచ్చింది. అలాంటి సంఘటనను నేను మీ అబ్బాయి కెరీర్ ప్రణాళికలో ఏ సంవత్సరం కింద రాయగలను?

మరి జెట్స్ జట్టు ఏమైంది? సినిమా విడుదలైన 1977లోనే జెట్స్ ఆడే చిన్న లీగ్ మూతపడింది. ఆ జులైలో జాన్స్‌టౌన్‌ను వరద ముంచెత్తింది, జట్టూ లేకుండా పోయింది. సినిమాలో జట్టు అమ్మకం గురించి చూసి నవ్వుకున్నవాళ్లు ఉండవచ్చు. ఆ ఆటగాళ్లకు అది నెల జీతం పోవడం. అందుకే మీ అబ్బాయికి నేనిచ్చే మొదటి పని ఇది: ఏ జట్టు రమ్మన్నా, నాన్సీ డౌడ్ వేసిన ప్రశ్నే వేయాలి. జట్టు యజమాని ఎవరు, ఎన్నేళ్లుగా నడుపుతున్నారు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, మధ్యలో తీసేస్తే ఏమిస్తారు – ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద తెచ్చుకోవాలి.

ఈనాటి చిన్న లీగ్‌ల సంగతి కూడా తెలుసుకోండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. దాని కింద ఏహెచ్‌ఎల్, దాని కింద ఈసీహెచ్‌ఎల్. ఈసీహెచ్‌ఎల్‌లో జీతం వారం లెక్కన, అదీ సీజను నడిచినంత కాలమే. ఉండటానికి జట్టే ఇల్లు చూపిస్తుంది. వేసవి వస్తే ఆటగాడు మరో పని వెతుక్కోవలసిందే. నా దగ్గరికి వచ్చిన ఒక ఇరవై ఆరేళ్ల యువకుడు కిట్ బ్యాగు తలుపు దగ్గర దించి, ఆ సీజనులో తాను మారిన ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాడు. నాలుగో వేలు దగ్గర ఆగి, ఏ ఊరి తరువాత ఏ ఊరో గుర్తుకు రాక ఊరుకున్నాడు. అతడు మంచి ఆటగాడే. చేతిలో డిగ్రీ లేకపోవడం వల్ల, ఆట మానేద్దామన్నా ఎటు వెళ్లాలో తెలియక ఆడుతున్నాడు. ఆ మౌనం మీ అబ్బాయికి రాకూడదని నా తాపత్రయం.

సినిమాలో హాన్సన్ అన్నదమ్ములు చేసే కొట్లాటల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పిడికిళ్లతో పేరు తెచ్చుకునే పాత్ర ఈనాటి హాకీలో దాదాపు కనుమరుగైంది, కనుమరుగు కావలసిందే. చిన్న లీగ్‌ల మీదుగా ఎన్‌హెచ్‌ఎల్‌కు చేరి, జట్టు తరఫున కొట్లాడటమే పనిగా ఆడిన డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే మరణించాడు. తలకు పదే పదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే మెదడు జబ్బు అతనికి ఉన్నట్టు తరువాతి పరీక్షలో తేలింది. మీ అబ్బాయికి ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే, డాక్టరు సరేనని చెప్పేదాకా, ఎంత పెద్ద మ్యాచ్ ఉన్నా మంచు మీదికి పంపకండి.

ఇక కాలేజీ వద్దనే మాటకు జవాబు ఆ బొమ్మలోనే ఉంది. డేవ్ హాన్సన్ కొడుకు క్రిస్టియన్ కూడా హాకీ ఆటగాడే. అతడు నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడి, 2009లో టొరాంటో మేపుల్ లీఫ్స్‌తో ఒప్పందం చేసుకుని ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. హాన్సన్‌ల ఇంట్లోనే రెండో తరం కాలేజీ దారిన వెళ్లింది. సినిమా మీద మనసున్నవారికి నెడ్ డౌడ్ దారి కూడా ఉంది: అతడు చదువుకున్నవాడు, ఈ చిత్రంలో ఒక చిన్న వేషం వేసి, ఆ తరువాత సినిమా నిర్మాణంలోకి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. నటన మీదా మోజు నిజమైతే, కాలేజీలో హాకీతో పాటు ఒక నాటక తరగతి తీసుకోమనండి. ఏడాదిలో ఆ మోజు ఎంత గట్టిదో అతనికే తెలుస్తుంది.

మీరున్న చోటు కూడా మీకు కలిసి వస్తుంది. మిషిగన్‌లోనే ఏడు విశ్వవిద్యాలయాలు, కాలేజీ క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ వన్ పురుషుల హాకీ ఆడుతున్నాయి. వాటిలో వెస్టర్న్ మిషిగన్ 2025లో జాతీయ విజేత. ఈ వయసు పిల్లలకు అమెరికాలో యూఎస్‌హెచ్‌ఎల్, కెనడా వైపు ఓహెచ్‌ఎల్ వంటి జూనియర్ లీగ్‌లు ఉన్నాయి. ఓహెచ్‌ఎల్ వంటి కెనడా మేజర్ జూనియర్ లీగ్‌లో ఆడితే అమెరికా కాలేజీ జట్టుకు అర్హత పోయే పాత నిబంధనను 2025 ఆగస్టు నుంచి సడలించారు. కాబట్టి ఒక దారి పడితే మరొకటి మూసుకుపోతుందన్న భయం ఇప్పుడు బాగా తగ్గింది. పెన్సిల్వేనియా వైపు వెళ్లవలసి వస్తే జాన్స్‌టౌన్‌లో జెట్స్ ఆడిన ఆ పాత వార్ మెమోరియల్ అరీనా ఇప్పటికీ ఉంది, ఇప్పుడు టామహాక్స్ అనే జూనియర్ జట్టు అక్కడ ఆడుతోంది. ఒక శనివారం అబ్బాయిని తీసుకెళ్లి ఆ మెట్ల మీద కూర్చోబెట్టండి, వాదనలు లేకుండా ఇద్దరూ కలిసి ఒక మ్యాచ్ చూడండి.

ఒక పనికి మాత్రం వ్యవధి లేదు. డివిజన్ వన్ అర్హతకు హైస్కూలులో 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య పాఠ్యాంశాలు) పూర్తిచేయాలి, వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. ఆ పదిలో ఏడు ఇంగ్లీషు, గణితం, సైన్సుల నుంచే ఉండాలి. మీ అబ్బాయి ఇప్పుడు పదకొండులో ఉన్నాడు గనుక లెక్క తప్పితే సరిదిద్దుకోవడానికి ఒక్క వేసవే మిగిలింది. ఈ వారంలో స్కూలు కౌన్సిలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, మార్కుల పట్టిక ముందు పెట్టుకుని, అతని చేతనే ఆ పదీ లెక్కపెట్టించండి.